కేమన్ ముందు బంపరు నోళ్లకు ఇంట్లోనే జాలీ చేసి బిగించడం: ఏ జాలీ, ఎలా?

ఎర్రకేమన్ (ఫ్రిస్కో, టెక్సాస్)

అందరికీ నమస్కారం. నా దగ్గర 2008 నాటి పోర్షా కేమన్ ఉంది. రెండేళ్ల క్రితం మూడో యజమానిగా కొన్నాను. వారమంతా గరాజులోనే ఉంటుంది, శని ఆదివారాల్లో బయటికి తీస్తాను, నెలకోసారి మా అక్కయ్య వాళ్లింటికి హ్యూస్టన్ దాకా సుమారు 265 మైళ్లు వెళ్లి వస్తాను. పోయిన వేసవి చివర ఏసీ చల్లదనం తగ్గితే గ్యాసు నింపించాను, పది రోజులకే మళ్లీ వేడిగాలి వచ్చింది. ఈసారి గ్యాసుతో పాటు రంగుద్రవం కూడా ఎక్కించి, చీకట్లో ఊదారంగు దీపం వేసి చూస్తే కుడివైపు కండెన్సర్ (ఏసీ గ్యాసులోని వేడిని బయటి గాలికి వదిలే భాగం) మీద మినపగింజంత చోట పచ్చగా మెరిసింది. అది రాయి దెబ్బ.

ఈ కారు సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు చెబుతాను. ఇంజిన్ సీట్ల వెనక ఉంటుంది కాని, దాని నీళ్లను చల్లార్చే రేడియేటర్లు మాత్రం ముందు బంపరు రెండు మూలల్లో, చక్రాలకు ముందు, చెరొకటి ఉంటాయి. ఒక్కొక్క రేడియేటర్ ముందు ఒక్కొక్క ఏసీ కండెన్సర్ నిలబడి ఉంటుంది. వాటి గుండా దూసుకుపోయిన గాలి చక్రం గూటిలోంచి బయటికి పోతుంది. కొన్ని రకాలలో మధ్యలో మూడో రేడియేటర్ కూడా ఉంటుంది, నా కారులో లేదు. గాలి లోపలికి వెళ్లే బంపరు నోళ్లకు నల్లటి ప్లాస్టిక్ అడ్డపట్టీలు ఉన్నా వాటి నడుమ వేళ్లు సులువుగా దూరేంత సందులు ఉంటాయి. గంటకు 75 మైళ్ల వేగంతో పోయేటప్పుడు ముందు లారీ టైరు లేపిన కంకర, దారిలోని ఎండుటాకులు, పురుగులు ఆ సందుల్లోంచి నేరుగా కండెన్సర్ ముఖం మీదికి వెళ్తాయి.

కండెన్సర్ మార్చడానికి బంపరు విప్పినప్పుడు నేను పక్కనే నిలబడి చూశాను. కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ నడుమ ఉన్న సన్నటి సందులో ఓక్ ఆకులు పొరలు పొరలుగా పేరుకొని, నాని, ఎండి, మళ్లీ నాని, చివరికి పిడకలాగా గట్టిపడి ఉన్నాయి. ఆ పిడకను పెకలించగానే కింది భాగంలోని అల్యూమినియం రెక్కలు వేలు తగిలితే చాలు అప్పడంలా విరిగి రాలిపోయాయి. రాయి ఒక దెబ్బ కొట్టింది కాని, ఆకులు ఎన్నేళ్లుగా తింటూ వచ్చాయో తెలియదు. అక్కడంతా శుభ్రం చేయించి కొత్త కండెన్సర్ వేయించాను. ఇప్పుడు అదే గతి దీనికీ పట్టకుండా బంపరు నోళ్లకు జాలీ వెయ్యాలని ఉంది.

బజారులో ఈ కారు కోసమే తయారు చేసిన జాలీలు దొరుకుతాయి. అయితే వాటికి పెట్టే డబ్బు చూస్తే చేతిపని మీద నాకున్న సరదా ఇంకాస్త పెరిగింది. కుందేళ్ల బోనులకు వాడే పావు అంగుళం గళ్ల జింకు పూత జాలీ ఒక చుట్ట ఇప్పటికే తెచ్చి పెట్టాను. ఇది సరిపోతుందా, లేక అల్యూమినియం జాలీయే మేలా? బంపరుకు ఎక్కడా రంధ్రం వెయ్యకుండా బిగించే పద్ధతి ఏది? అడ్డపట్టీల ముందు వెయ్యాలా, వెనక వెయ్యాలా? అన్నిటికంటే నాకున్న పెద్ద భయం ఏమిటంటే, మా ఊళ్లో జూలై, ఆగస్టు నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలో, ట్రాఫిక్‌లో ఏసీ వేసుకొని నిలబడినప్పుడు ఈ జాలీ గాలికి అడ్డుపడి ఇంజిన్ వేడెక్కుతుందేమోనని. స్వయంగా చేసి చూసినవారు చెబితే రుణపడి ఉంటాను.

పాతబాక్స్‌టర్ (ఆస్టిన్, టెక్సాస్)

ఎర్రకేమన్ గారూ, మీ కారుకు ముందు తరానికి చెందిన పోర్షా బాక్స్‌టర్, అంటే 986, నా దగ్గర పన్నెండేళ్లుగా ఉంది. రేడియేటర్ల అమరిక రెండింటిలోనూ ఒకటే. ఈ జాలీ పని నేను రెండు సార్లు చేశాను. మొదటిసారి చేసింది తప్పు కాబట్టే రెండోసారి చెయ్యాల్సి వచ్చింది.

అన్నిటికంటే ముందు ఒక మాట. మీరు కుడివైపు శుభ్రం చేయించినట్టు రాశారు, ఎడమవైపు సంగతి రాయలేదు. అది కూడా విప్పి చూసేదాకా జాలీ జోలికి వెళ్లకండి. లోపల చెత్త ఉండగానే బయట జాలీ బిగిస్తే దొంగను ఇంట్లో పెట్టి తాళం వేసినట్టే అవుతుంది. బంపరు ఊడదీయడం పెద్ద విద్యేమీ కాదు కాని ఇద్దరు మనుషులు ఉండాలి. ముందు డిక్కీ మూత కింద, చక్రాల గూళ్లలో, అడుగున ఉన్న మరలు తీశాక బంపరు ముందుకు జారుతుంది. అప్పుడు దీపాల తీగలు లాగుకుపోకుండా రెండోవారు పట్టుకోవాలి. కండెన్సర్‌ను పట్టి ఉంచే మరలు తీస్తే, గ్యాసు గొట్టాలు విప్పకుండానే దాన్ని రెండు మూడు అంగుళాలు ముందుకు వంచవచ్చు. ఆ సందులో వాక్యూమ్ క్లీనర్ సన్నమూతి పెట్టి ఆకులు లాగాలి. ఆ తర్వాత తోటకు నీళ్లు పట్టే గొట్టంతో వెనక నుంచి ముందుకు, అంటే చెత్త వచ్చిన దారినే బయటికి పోయేలా, మెల్లగా నీళ్లు పట్టాలి. ప్రెషర్ వాషర్ మాత్రం వాడకండి, రెక్కలన్నీ చాపలా పడుకుంటాయి. ఈ పని చేసేటప్పుడు బ్యాటరీ తీగ విప్పి ఉంచడం మంచిది, ఇంజిన్ ఆపినా రేడియేటర్ ఫ్యాను ఒక్కోసారి దానంతట అదే తిరుగుతుంది.

ఇక నా మొదటి తప్పు. 2016లో నేను కోళ్ల షెడ్లకు వేసే ఆరు మూలల గళ్ల జాలీ తెచ్చి, అడ్డపట్టీల వెనకవైపు, లోపల బిగించాను. బయటికి కనబడదు, అందంగా ఉంటుందని అనుకున్నాను. ఆ జాలీకి బిగువు ఉండదు. వేగం గంటకు 60 మైళ్లు దాటగానే గాలి ఒత్తిడికి పొట్ట ఉబ్బినట్టు వెనక్కి వంగి కండెన్సర్‌ను తాకింది. ఆరు నెలల తర్వాత చూస్తే తాకినచోట రెక్కలు అరిగి, గీతలు గీతలుగా మెరుస్తున్నాయి. రాళ్ల నుంచి కాపాడుతుందని వేసుకున్న జాలీయే ఆకురాయిలాగా రుద్దింది. దానికి తోడు ఆకులు అడ్డపట్టీలకూ జాలీకీ నడుమ ఇరుక్కునేవి, పట్టకారు పెట్టి ఒక్కొక్కటిగా లాగాల్సి వచ్చేది. అందుకే రెండోసారి అడ్డపట్టీలకు ముందు, అయితే నోటి అంచు నుంచి వేలి మందం లోపలికి ఉండేలా వేశాను. మ్యాట్ నలుపు రంగు వేస్తే నాలుగడుగుల దూరం నుంచి కనబడదు, చెత్త పడితే చేత్తో దులపవచ్చు.

మీరు తెచ్చిన పావు అంగుళం జాలీ మంచిదే. దాని గళ్ల కూడళ్లు జింకుతో అతుక్కొని ఉంటాయి కాబట్టి బిగువుగా నిలబడుతుంది. ముందుగా అట్టపెట్టె చింపి, నోటికి సరిగ్గా సరిపోయే అచ్చు కత్తిరించండి. ఎడమవైపు అచ్చును తిరగేస్తే కుడివైపు సరిపోతుందని నమ్మకండి. పాత కార్ల బంపర్లు ఎప్పుడో ఒకసారి ఊడి మళ్లీ ఎక్కినవే, రెండు నోళ్ల మధ్య నాలుగైదు మిల్లీమీటర్ల తేడా ఉండనే ఉంటుంది. అచ్చు చుట్టూ 15 మిల్లీమీటర్లు ఎక్కువ వదిలి జాలీ కత్తిరించండి. ఎందుకంటే ఆ అదనపు అంచును వెనక్కి, తొంభై డిగ్రీలకు కాస్త తక్కువగా మడవాలి. టేబుల్ అంచున చెక్కపట్టీ పెట్టి, జాలీని దాని మీద నొక్కి, రబ్బరు సుత్తితో కొడితే మడత నీటుగా వస్తుంది. గుండ్రటి మూలల్లో మడత పడదు, అక్కడ త్రికోణంగా చిన్న గాట్లు పెట్టాలి. ఈ మడతే మొత్తం పనికి ప్రాణం. అది స్ప్రింగులా బయటికి తన్నుతూ జాలీని నోటిలో దానంతట అది నిలబెడుతుంది, కోసిన తీగ కొనలు లోపలికి తిరిగిపోయి బంపరు కడిగే చేతిని కొయ్యవు. 

కత్తిరించడానికి రేకు కత్తెర చాలు. తీగను గడి మధ్యలో కొయ్యకుండా కూడలి పక్కనే కొయ్యండి, లేకపోతే అంచంతా ముళ్లకంపలా తయారవుతుంది. కోసిన ప్రతి కొననూ ఆకురాయితో రెండు సార్లు రుద్ది, మడత అంచుకు మధ్యలో చీలిక ఉన్న రబ్బరు బీడింగ్ తొడగండి. ఆ రబ్బరు లేకపోతే బంపరు రంగు గీసుకుపోతుంది, పైగా గతుకుల్లో కీచుమంటుంది. 

బిగించడానికి నల్లటి ప్లాస్టిక్ టైలు (జిప్ టైలు) ఒక్కోవైపు ఆరు చాలు, అడ్డపట్టీల చుట్టూ తిప్పి, ముడి తల వెనక్కి వచ్చేలా లాగండి. తెల్ల టైలు వాడకండి. నలుపువాటిలో ఎండకు తట్టుకునే రకం వేరే దొరుకుతుంది, నేను మామూలువి వాడితే రెండో వేసవికే పెళుసుబారి ఒక్కొక్కటే తెగిపోయాయి. కండెన్సర్ రెక్కల్లోంచి గుచ్చి వెనక బిగించే ప్లాస్టిక్ పుల్లలు కొందరు వాడతారు, వాటి వైపు కన్నెత్తి కూడా చూడకండి.

తీగలెక్క (హైదరాబాద్)

నాకు స్పోర్ట్స్ కారు లేదు, కొనే ఉద్దేశమూ లేదు. అయితే ముప్పై ఏళ్లు రేడియేటర్లలాంటి హీట్ ఎక్స్‌ఛేంజర్ల తయారీలో పనిచేసిన మెకానికల్ ఇంజనీరును కాబట్టి, వేడెక్కుతుందేమో అన్న మీ భయానికి లెక్కతో సమాధానం చెప్పగలను.

జాలీని కొనేటప్పుడు గడి పరిమాణం ఒక్కటే చూస్తారు. నిజానికి చూడవలసింది ఎదురుగా వచ్చే గాలికి ఎంత శాతం ఖాళీ మిగులుతుందన్నది. చదరపు గళ్ల జాలీకి ఇది సులువైన లెక్క: గడిలోని ఖాళీ వెడల్పును, ఖాళీ ప్లస్ తీగ మందంతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చెయ్యాలి. మీ పావు అంగుళం జాలీలో తీగ నుంచి తీగకు 6.35 మిల్లీమీటర్లు, తీగ మందం సాధారణంగా 0.64 మిల్లీమీటర్లు. అంటే ఖాళీ 5.71, శాతంలో సుమారు 81. అదే కిటికీలకు వేసే దోమల జాలీలో అంగుళానికి 18 తీగలు, ఒక్కొక్కటి 0.28 మిల్లీమీటర్లు అనుకుంటే ఖాళీ 64 శాతం దగ్గర ఆగుతుంది. ఇక రేకులో గుండ్రటి రంధ్రాలు పొడిచిన షీటు చూడటానికి చాలా దర్జాగా ఉంటుంది కాని, 5 మిల్లీమీటర్ల రంధ్రాలు 8 మిల్లీమీటర్ల ఎడంతో తేనెపట్టు వరసలో ఉంటే దానిలో ఖాళీ 35 శాతం మాత్రమే. మూడింట రెండు వంతులు మూసేసిన కిటికీ అన్నమాట. దాన్ని బంపరు నోటికి వెయ్యవద్దు.

ఇందులో మరో మెలిక ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. రంగు వేశాక తీగ లావవుతుంది. స్ప్రే పొరలు తీగకు ఒక్కోవైపు 0.1 మిల్లీమీటరు చొప్పున పట్టాయనుకుంటే మీ జాలీ 81 నుంచి 75 శాతానికి దిగుతుంది, అది పెద్ద నష్టం కాదు. దోమల జాలీ మాత్రం 64 నుంచి 44 దగ్గరికి పడిపోతుంది. పలుచటి తీగల మధ్య చిన్న గళ్లకు రంగు పొర కూడా భారమే. అందుకే రంగును రెండు మూడు పలుచటి పూతలుగా, జాలీని నిలబెట్టి, రెండు వైపుల నుంచీ ఏటవాలుగా కొట్టాలి. గళ్లలో సబ్బునీటి పొరలా రంగు నిలిచిపోతే పుల్లతో పొడిచి తెరవాలి.

ఖాళీ శాతం కొత్త జాలీ సంగతి. పాత జాలీ సంగతి మా ఊరి వరికోత మిషన్లు నడిపేవాళ్లను అడగండి. వాటి రేడియేటర్ ముందు జల్లెడ ఉంటుంది. కోతల రోజుల్లో పొట్టు, దుమ్ము పట్టి అది మూసుకుపోతే ఇంజిన్ వేడెక్కుతుంది, డ్రైవరు మిషన్ ఆపి, దిగి, చీపురుతో దులిపి మళ్లీ ఎక్కుతాడు. గడి ఎంత చిన్నదైతే అంత తరచుగా దిగాలి. మీరు అడ్డుకోవలసినవి ఆకులూ కంకరా, ఇసుక కాదు. కాబట్టి ఆరు మిల్లీమీటర్ల గడి సరిగ్గా సరిపోతుంది. ఆ గడిలోంచి ఆరు మిల్లీమీటర్ల లోపు రాళ్లు దూరతాయి కదా అంటారా, దూరతాయి. అయితే ఒకే వేగంతో వచ్చే రాళ్లలో వ్యాసం సగమైతే బరువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, దెబ్బలోని శక్తి కూడా అంతే. 12 మిల్లీమీటర్ల రాయి కండెన్సర్ గొట్టాన్ని చిల్లు పొడిస్తే, 6 మిల్లీమీటర్ల రాయి చాలావరకు రెక్కను వంచి ఊరుకుంటుంది.

జాలీకీ కండెన్సర్‌కూ మధ్య కనీసం రెండు సెంటీమీటర్లయినా ఎడం ఉంచండి. పాతబాక్స్‌టర్ గారు చెప్పిన రాపిడి ఒక కారణం. రెండో కారణం, జాలీ మీద ఒకచోట ఆకు అతుక్కుంటే, ఎడం ఉన్నప్పుడు చుట్టుపక్కల నుంచి వచ్చిన గాలి ఆ ఆకు వెనక కలిసిపోయి కండెన్సర్ ముఖమంతా పరుచుకుంటుంది. ఆనుకొని ఉంటే ఆ మేర కండెన్సర్ పని చెయ్యనట్టే లెక్క.

చివరగా, ఊహలు మానేసి కొలవండి. డాష్‌బోర్డు సూది మీద ఆధారపడకండి, చాలా కార్లలో మామూలు వేడి హద్దుల్లో సూది కదలకుండా ఉండేలా అమరుస్తారు. ఓబీడీ రీడరు (కారు కంప్యూటరులోని అంకెలు చదివి చూపే పరికరం) పెట్టి, జాలీ వెయ్యక ముందు ఒకసారి, వేశాక ఒకసారి, అదే దారిలో, అదే వేళకు, ఏసీ వేసి నీళ్ల ఉష్ణోగ్రత రాసుకోండి. రెండు మూడు డిగ్రీల తేడా వస్తే నిశ్చింతగా ఉండండి, ఎనిమిది పది డిగ్రీలు వస్తే జాలీ మార్చండి.

ఉప్పురోడ్డు (స్టుట్‌గార్ట్, జర్మనీ)

పైవారు చెప్పినవాటికి లోహాల గురించి ఒక మాట చేరుస్తాను. టెక్సాస్‌లో మీకు ఈ బాధ తక్కువ కాని, మాకు ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఈ సంగతి చదివే ఉత్తరాది అమెరికావారికి కూడా పనికివస్తుంది. నేను మొదట స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ వేశాను, తుప్పు పట్టదు కదా అన్న ధీమాతో. దానికి తుప్పు పట్టలేదు, నిజమే. కాని ఒక మూల అది అల్యూమినియం కండెన్సర్ చట్రాన్ని తాకి ఉంది. స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం ఒకదానికొకటి ఆనుకొని, నడుమ ఉప్పునీరు ఉంటే అది చిన్న బ్యాటరీ అవుతుంది, తినబడేది ఎప్పుడూ అల్యూమినియమే. వసంతం వచ్చేసరికి తాకినచోట తెల్లటి పిండి రాలుతోంది. లోహం ఏదైనా కండెన్సర్‌ను తాకకుండా ఉంచడం, అంచుకు రబ్బరు తొడగడం అందుకే ముఖ్యం.

జింకు పూత జాలీలో ఇంకో చిక్కు ఉంది. కోసినచోట లోపలి ఇనుము బయటపడుతుంది, అక్కడ తప్పకుండా రంగు పట్టించాలి. ఆ జింకు మీద ఆయిల్ ఎనామెల్ నేరుగా కొట్టారా, కొన్ని నెలల్లో పొక్కులు లేచి ఊడిపోతుంది. జింకుతో కలిసి ఆ రంగులోని నూనె సబ్బులా మారడమే దానికి కారణం. ముందు వెనిగర్‌తో తుడిచి, నీళ్లతో కడిగి, ఆరబెట్టి, జింకు పూతకు పనికివచ్చే ప్రైమర్ వేసి, ఆ తర్వాతే నలుపు వెయ్యండి. అల్యూమినియం జాలీకి తుప్పు భయం లేదు, తేలిక కూడా. కాకపోతే పలుచటిది కొంటే పెద్ద రాయికి లొట్ట పడుతుంది. 

బయట వెయ్యాలా లోపల వెయ్యాలా అన్న విషయంలో పాతబాక్స్‌టర్ గారితో నేను పూర్తిగా ఏకీభవించను. ఇక్కడ రెండేళ్లకోసారి జరిగే తనిఖీలో పదునైన అంచు బయటికి పొడుచుకొని కనిపిస్తే ఒప్పుకోరు. అందువల్ల నేను పట్టీల వెనకే వేసి, కండెన్సర్‌ను తాకకుండా వెనకవైపు రెండు అల్యూమినియం పట్టీలు ఊతంగా పెట్టాను. ఆకులు ఇరుక్కుంటాయన్నది మాత్రం ఒప్పుకుంటాను.

మీ తర్వాతి తరం 981 కారు ఉన్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక హెచ్చరిక. ముందు వాహనాన్ని చూసి వేగం తగ్గించుకునే సదుపాయం ఉన్న కార్లలో బంపరు మధ్యలో రాడార్ ఉంటుంది. దాని ముందు లోహపు జాలీ వెయ్యకూడదు. 77 గిగాహెర్ట్‌జ్ తరంగం పొడవు నాలుగు మిల్లీమీటర్ల లోపే కాబట్టి జాలీ తీగలు దాన్ని చెదరగొడతాయి.

ఎర్రకేమన్ (ఫ్రిస్కో, టెక్సాస్)

పెద్దలందరికీ ధన్యవాదాలు. ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. మూడు వారాలు పట్టింది కాని పని పూర్తయింది, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పాతబాక్స్‌టర్ గారి మాట విని మొదట ఎడమవైపు విప్పాము. నాతో పాటు మా పక్కింటి కుర్రాడు బంపరు పట్టుకున్నాడు. కుడివైపు కంటే అక్కడే ఘోరంగా ఉంది. ఓక్ ఆకుల పిడకతో పాటు నలిగిన ప్లాస్టిక్ సంచీ ముక్క ఒకటి, రెండు పక్షి ఈకలు, లెక్కలేనన్ని పురుగుల రెక్కలు బయటపడ్డాయి. కండెన్సర్ అదృష్టవశాత్తూ చిల్లు పడలేదు కాని కింది నాలుగు వరసల రెక్కలు వంగిపోయి ఉంటే, ప్లాస్టిక్ దువ్వెనలాంటి పనిముట్టుతో ఒక్కొక్కటీ నిలబెట్టాను. ఆ ఒక్క పనికే ఆదివారం మధ్యాహ్నమంతా పోయింది. మా ఊళ్లో లైవ్ ఓక్ చెట్లు మిగతా చెట్లలా శరత్కాలంలో కాకుండా మార్చి నెలలో ఆకు రాలుస్తాయి కాబట్టి సరిగ్గా సమయానికే విప్పినట్టయింది.

జాలీ విషయంలో చివరికి నా దగ్గరున్న పావు అంగుళం చుట్టనే వాడాను, పట్టీల ముందు, వేలి మందం లోపలికి వేశాను. అచ్చు తియ్యడం నేను అనుకున్నంత సులువు కాలేదు. మొదటి అట్ట మరీ చిన్నదైంది, రెండోది మూలల్లో ఆనలేదు, మూడోది సరిపోయింది. ఎడమ అచ్చును కుడివైపు పెట్టి చూశాను, మీరు అన్నట్టే పైన మూల దగ్గర సందు తేలింది. మడత పెట్టేటప్పుడు తొందరపడి చేతితొడుగు తీసేసి చిటికెన వేలు కోసుకున్నాను. అది తప్ప పెద్ద ప్రమాదం ఏమీ జరగలేదు.

రంగు దగ్గర ఒక పరీక్ష అనుకోకుండా జరిగిపోయింది. కుడివైపు జాలీని వెనిగర్‌తో తుడిచి ప్రైమర్ వేశాను, ఎడమదానికి చీకటి పడుతోందని ఆ రెండూ ఎగ్గొట్టి నేరుగా నలుపు కొట్టాను. వారం తర్వాత రెండింటికీ టేపు అంటించి లాగితే కుడిది చెక్కుచెదరలేదు, ఎడమది టేపుతో పాటు పాము కుబుసంలా ఊడివచ్చింది. ఉప్పురోడ్డు గారు నెలలు పడుతుందన్నారు, నాకు వారమే పట్టింది. దాన్నంతా గీకి మళ్లీ మొదటి నుంచి చేశాను.

ఇక అసలు ప్రశ్న, వేడి. తీగలెక్క గారు చెప్పినట్టు ఓబీడీ రీడరు పెట్టి, ఒకే దారిలో, సాయంత్రం అయిదున్నరకు, ఏసీ పూర్తిగా వేసి రెండు సార్లు కొలిచాను. జాలీ లేనప్పుడు సిగ్నళ్ల దగ్గర నీళ్లు 98 డిగ్రీల సెల్సియస్ దాకా ఎక్కి, ఫ్యాను తిరిగాక దిగాయి. జాలీతో 100 చూపించింది, ఫ్యాను కాస్త ముందుగా మొదలైనట్టు అనిపించింది. హైవే మీద మాత్రం రెండు రోజుల అంకెల మధ్య తేడా అసలు కనబడలేదు. అయితే ఇది వసంతకాలపు ఎండ. ఆగస్టులో మళ్లీ కొలిచి రాస్తాను. 

మిగిలిన సందేహం ఒక్కటే. మే నెలలో హ్యూస్టన్ దారిలో లవ్‌బగ్‌లనే నల్ల పురుగులు జంటలు జంటలుగా గుంపులు కట్టి ఎగురుతుంటాయి, ఒక్కోసారి అద్దం మీద వైపరు కూడా పని చెయ్యనంతగా అంటుకుంటాయి. అవి ఈ జాలీని పూర్తిగా మూసెయ్యవా?

పాతబాక్స్‌టర్ (ఆస్టిన్, టెక్సాస్)

ఎడమవైపు విప్పినందుకు సంతోషం. ఆ సంచీ ముక్క లోపలే ఉండి ఉంటే మీ జాలీ ఎంత బాగున్నా లాభం ఉండేది కాదు.

లవ్‌బగ్‌ల సంగతి నిజమే. మేలో ఒకసారి, మళ్లీ ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఒకసారి వస్తాయి. జాలీని అవి పూర్తిగా మూసెయ్యడం నేను చూడలేదు కాని, ఒక ప్రయాణంలోనే గళ్లలో గణనీయమైన భాగం నింపెయ్యడం చూశాను. వాటిని ఎండనివ్వకండి. ఎండిన పురుగు దేహం రంగును తింటుంది, జాలీకైనా బంపరుకైనా అది మంచిది కాదు. ఇల్లు చేరిన రాత్రే తడిగుడ్డ కప్పి అరగంట నాననిచ్చి, మెత్తటి బ్రష్షుతో అడ్డంగా రుద్దితే వచ్చేస్తాయి. కార్ వాష్‌లో ప్రెషర్ గొట్టం ఎదురుగా పట్టారంటే మాత్రం పురుగులన్నీ ముక్కలై గళ్లలోంచి దూరి కండెన్సర్ రెక్కల్లో కూరుకుంటాయి, అప్పుడు జాలీ వేసి కూడా వెయ్యనట్టే.

మీ అక్కయ్యగారి ఇంటి దగ్గరే శుభ్రం చేసుకోవాలంటే జాలీ ఊడదీసి వెనక నుంచి నీళ్లు పట్టడం అన్నిటికంటే తేలిక. టైలు కోసి, కడిగి, కొత్తవి వెయ్యడానికి ఒక్కోవైపు పది నిమిషాలు పట్టదు. కాబట్టి ముందు డిక్కీలో ఎండకు తట్టుకునే నల్ల టైలు ఒక రెండు డజన్లు, చిన్న కటింగ్ ప్లేయరు ఒకటి పడేసి ఉంచండి.